సేఠ్ కారుకు నూలు పోగు

ఆ రోజుల్లో మా ఇంట్లో చెవులు సరిగ్గా పనిచేసేవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతావాళ్లకూ చెవులుండేవి, వాటికి కమ్మలూ పోగులూ కూడా ఉండేవి, కానీ వినే పని మాత్రం సాంచెల ఖాతాలో ఎప్పుడో అయిపోయింది. (సాంచెలంటే మరమగ్గాలు. మా కరీంనగర్ వైపు వాళ్లం అలాగే అంటాం, సూరత్ వచ్చి ఎన్నేళ్లయినా ఆ మాట మారలేదు. ఖాతా అంటే అవి నడిచే కార్ఖానా, అది సూరత్ మాట.) ఒకే షెడ్డులో వరసగా నిలబెట్టిన సాంచెలు పొద్దస్తమానం ధడధడలాడుతుంటే పక్కవాడి మాట వినపడదు. పెదవులు చూసి గ్రహించాలి, లేదా భుజం మీద చరిచి సైగ చేయాలి. అలా కొన్నేళ్లు పనిచేసిన మనిషి ఇంటికొచ్చాక కూడా అంతే గట్టిగా మాట్లాడతాడు. మా అమ్మ "అన్నం తినుర్రి" అని పిలిస్తే బమ్రోలిలో మా గల్లీ గల్లీ అంతా చేతులు కడుక్కునేది. ఇంట్లో రహస్యాలు ఉండేవి కావు, ఉన్నా గల్లీ చివర చాయ్ బండివాడికి మాకంటే ముందే తెలిసేవి.

అందరిలాగా నన్నూ సాంచా మీద నిలబెడతారేమోనని నాకు చచ్చేంత భయం. కష్టమంటే భయం కాదు, ఆ చప్పుడంటే భయం. పాటలు వినడం ఇష్టం, పిట్టల అరుపు ఇష్టం, ఇంకా చెప్పాలంటే ఎదురింటి మేడ మీద గాజుల చప్పుడు కూడా ఇష్టమే (ఆ సంగతి ఇక్కడ అనవసరం). అందుకని ఒక గ్యారేజీలో ఉస్తాద్‌ను పట్టుకుని కారు నడపడం నేర్చుకున్నాను. మా చిన్నబాపు, అంటే నాన్న తమ్ముడు, పనిచేసే ఖాతా సేఠ్ దగ్గర డ్రైవరు మానేశాడని తెలిసి, చిన్నబాపు చేత అడిగించాను. సేఠ్ నన్ను పైనుంచి కిందికి చూసి ఒక్కటే మాట అన్నాడు, "ఏక్ మహీనా దేఖూంగా. నచ్చితే కారు, నచ్చకపోతే నీ చిన్నబాపు పక్కన సాంచా." ఆ నెల నేను కారును చంటిపిల్లలా చూసుకున్నాను. తెల్ల చొక్కా తప్ప వేసుకోలేదు. హారన్ కొట్టాల్సి వస్తే మనసులోనే క్షమాపణ చెప్పుకుని కొట్టేవాణ్ణి. అది గేర్లు తనంతట తానే మార్చుకునే కారు. మా గల్లీలో అలాంటిది మరొకటి లేదు కాబట్టి నాకు అందులో సగం పేరు వచ్చేది.

రాఖీ పండుగ ముందురోజు సేఠ్ ఇంటి ముందు, పర్వత్ పాటియాలో, మురుగు కాలువ కోసం రోడ్డంతా తవ్వి పెట్టారు. "బండి రాత్రికి నీ దగ్గరే ఉంచుకో, పొద్దున అమ్మను తీసుకుని పల్సానా పోవాలి" అన్నాడు సేఠ్. ఆయన తల్లిని అందరూ బా అని పిలుస్తారు. పల్సానాలో ఆమె అన్న ఉన్నాడు. రాఖీ కట్టేదాకా ఆమె పచ్చి నీళ్లు కూడా ముట్టదు, అన్న కూడా చెల్లెలు వచ్చేదాకా తినడు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. పైగా మంచి ఘడియలు మధ్యాహ్నంలోపే అయిపోతున్నాయని పంచాంగం చూసి చెప్పింది. "లేట్ నహీఁ హోనా చాహియే" అని సేఠ్ వేలు చూపించాడు. లేటవడమా, నేనా, అన్నట్టు నవ్వి కారు తెచ్చుకున్నాను. ఆ రాత్రి గల్లీలో కారు నిలబెట్టి దాని చుట్టూ ఊరికే తిరుగుతుంటే ఎంత గర్వంగా ఉందో ఇప్పటికీ చెప్పలేను.

అయితే రాఖీ పండుగ రోజే మా నేతవాళ్లకు నూలు పున్నమి. ఆ రోజు కొత్త నూలు పోగుకు పసుపు రాసి సాంచాకు కడతాం, ముంజేతికి కట్టుకుంటాం. మా ఇంట్లో ఈ పని బాపమ్మది, అంటే నాన్నను కన్న తల్లిది. అన్నం పెట్టే వస్తువేదైనా ఆమె చేతి పోగు తప్పించుకోలేదు. సాంచెలు, మోటార్లు, అమ్మ కుట్టుమిషను, ఒక ఏడాది ప్రెషర్ కుక్కరు కూడా. తెల్లారగానే పసుపు గిన్నె, నూలు చిలప (చుట్టిన నూలు కట్ట) పట్టుకుని బయటికి వచ్చిన బాపమ్మ కారు ముందు ఆగింది.

"ఇది ఎవ్వలదిరా?"

"సేఠ్‌ది బాపమ్మా," అని ఆమె చెవి దగ్గర అరిచాను.

"ఎవ్వలదైతేంది, మనకు బువ్వ పెడ్తున్నదా లేదా?"

"పెడ్తున్నది."

"అయితే పోగు కట్టాలె. దీని పానం యాడుంటది?"

స్టీరింగుకు కట్టమన్నాను. "అది చెయ్యిరా పిచ్చోడా, పానం యాడుంటదంటే చెయ్యి సూపిస్తవేంది?" అని కసిరింది. అప్పటికే పక్కన చేరిన చిన్నబాపు (ఖాతాలో సాంచెలు బాగుచేసే మాస్టరు, చేతిలో పానా లేకుండా నేను ఆయన్ని పెళ్లిలో కూడా చూడలేదు) బానెట్ ఎత్తి, "బ్యాటరీల ఉంటదమ్మా పానం. అది లేకుంటే ఇది ఉత్త డబ్బా" అని తేల్చాడు. బ్యాటరీ మీద రెండు సీసపు మొనలు, వాటికి బిగించిన రెండు పట్టీలు ఉంటాయి కదా. ఒకదానికి కలిపే గుర్తు, ఒకదానికి తీసివేసే గుర్తు. పండుగ పూట తీసివేత ఎందుకని కలిపే గుర్తున్న మొన ఎంచుకున్నారు. "పైపైన కడితే ఊడిపోతది, లోపట కడ్తే గట్టిగుంటది" అని చిన్నబాపు పానాతో పట్టీ వదులు చేసి పైకి తీశాడు. బాపమ్మ మొన చుట్టూ నూలు పోగు ఒత్తుగా చుట్టి, ముడివేసి, దాని మీద ముద్ద పసుపు మెత్తింది. చిన్నబాపు ఆ పోగు మీదుగానే పట్టీ మళ్లీ తొడిగి, పళ్లు బిగించి మరీ బిగించాడు. మీద బంతిపూవు పెట్టారు. నేను హారతి పళ్లెం పట్టుకుని భక్తిగా నిలబడ్డాను. ముగ్గురం కారుకు దండం పెట్టుకున్నాం.

స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించుకుని, కూర్చుని తాళం తిప్పాను.

టక్.

అంతే. మళ్లీ తిప్పాను. టక్. ముందు అద్దం దగ్గర దీపాలు వెలుగుతున్నాయి, ఏసీ మీద అంకెలు కనపడుతున్నాయి, హారన్ జలుబు చేసినట్టు మోగుతోంది, ఇంజను మాత్రం కదలదు. నెల ఇంకా అవనేలేదు, సాంచా నా కళ్ల ముందు ధడధడలాడింది. చిన్నబాపు కిటికీ దగ్గరికి వంగి, "ఏమైందిరా?" అన్నాడు.

"టక్ అంటున్నది చిన్నబాపూ."

"ఏది అను."

తాళం తిప్పాను. టక్. "ఇన్నవా?"

"నాకేం ఇనొస్తలేదు. ఏం అంటలేదది."

మళ్లీ తిప్పాను. "నువ్వు నోటితోటి అంటున్నవా, బండి అంటున్నదా?" అని అనుమానంగా చూశాడు. నా కష్టం అర్థమైందా మీకు? కారు చేస్తున్నది ఒకే ఒక్క చప్పుడు, అదీ చిన్నది, దాన్నిబట్టి రోగం కనిపెట్టాల్సిన వాళ్లంతా మా గల్లీ వాళ్లు. ఖాతాల్లో మాస్టర్లు సాంచాను చెవితో చూడరు, అరచేతితో చూస్తారు. చెక్క మీద చెయ్యి ఆనించి, వచ్చే అదురునుబట్టి ఎక్కడ వదులైందో, ఎక్కడ ఒరుసుకుంటోందో చెబుతారు, చాలాసార్లు సరిగ్గానే చెబుతారు. చిన్నబాపు అలాగే బానెట్ మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకుని, "తిప్పు" అన్నాడు. తిప్పాను. "మళ్ల తిప్పు." తిప్పాను. చాలాసేపు ఆలోచించి కళ్లు తెరిచి, "ఏం లేదు, కులాసగున్నది, అదురుత లేదు" అన్నాడు. నడవని ఇంజను అదరదని నేను అరిచి చెప్పేలోపు పండుగ సెలవు మీదున్న గల్లీ పెద్దలంతా వచ్చేశారు. ఒక్కొక్కరు వచ్చి, ఎవరికి వీలైన చోట వాళ్లు అరచెయ్యి ఆనించారు. ఒకాయన డిక్కీ మీద ఆనించాడు. ఇంకొకాయన టైరు మీద. కారును ఊరంతా కలిసి ఆశీర్వదిస్తున్నట్టుంది తప్ప వైద్యం చేస్తున్నట్టు లేదు.

ఇంతలో సేఠ్ ఫోను. "కహాఁ తక్ ఆయా?"

సూరత్‌లో ఫోనెత్తినవాడెవడూ తానున్న చోటు చెప్పడు, నేనూ అలాగే, "ఉధ్నా తక్ ఆ గయా సేఠ్" అన్నాను, అంటే సగం దారి వచ్చేశానని. అదే నిమిషంలో ధక్కా మామ రంగంలోకి దిగాడు. ఈయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఏది ఆగినా నెడితే నడుస్తుందన్నది ఆయన నమ్మకం. ఆటో, టెంపో, ఒకసారి ఆగిపోయిన పెళ్లి ఊరేగింపు కూడా ఆయన నెట్టే నడిపించాడు. "ఏక్ ధక్కా మారో, కతం!" అని ఆయన వేసిన కేక ఫోన్లోంచి పర్వత్ పాటియా దాకా వెళ్లింది. "యే ధక్కా కౌన్ మార్ రహా హై?" అని సేఠ్ అడిగాడు. ట్రాఫిక్‌లో ఎవరి టెంపోనో ఆగిపోయిందని చెప్పి పెట్టేశాను.

గేర్లు తనే మార్చుకునే కారు నెడితే స్టార్ట్ కాదు. ఇది నాకు తెలుసు, ఉస్తాద్ మొదటి రోజే చెప్పాడు. కిటికీలోంచి తల బయట పెట్టి, "నెట్టకుర్రి! ఇది నెడితే కాదు! వద్దు!" అని గొంతు చించుకుని అరిచాను. తమను ఉత్సాహపరుస్తున్నానని అనుకున్నారు. "ఆఁ ఆఁ, నువ్వు కూసో, మేం సూసుకుంటం" అని వెనక నుంచి ధక్కా మామ చెయ్యి ఊపాడు. చిన్నబాపు "న్యూట్రల్ చెయ్యరా" అంటే, పెద్దవాళ్ల మాట కాదనలేక చేశాను. ఎనిమిదో పదో జతల చేతులు ఒక్కసారి పడ్డాయి. కారు నిమ్మకాయలు చితక్కొట్టుకుంటూ గల్లీ మొత్తం దాటి, చాయ్ బండి బెంచీకి ఆనుకుని ఆగింది. తాళం తిప్పాను. టక్. ధక్కా మామ చెమట తుడుచుకుంటూ, "నడుస్తున్నదా?" అని అడిగాడు. లేదని తలూపాను. "అయితే మళ్ల ఎనక్కి నెడదాం" అన్నాడు. నెట్టారు. అలా కారు ఇంటి ముందుకే తిరిగి వచ్చింది, దానికి ఉన్న ఒకే ఒక్క లాభం అదే.

అప్పుడు నేను, "జర బ్యాటరీ చూద్దాం" అన్నాను. బాపమ్మ వెంటనే బానెట్‌కు అడ్డంగా వచ్చి నిలబడింది. "పొద్దుగాలనే పూజ చేసినం, చెప్పులకాళ్లతోటి వచ్చి ఆడ చెయ్యి పెడ్తవా?" చిన్నబాపు కూడా ఆమె వైపే. "పూజ చేసిన కాడ ఖరాబు ఎట్లయితదిరా? ఖరాబు ఉంటే పూజ చెయ్యని కాడ ఉంటది" అన్నాడు. ఈ మాట గల్లీ పెద్దలందరికీ మహా నచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకూ నచ్చింది. పొద్దున ఆ పోగు కట్టేటప్పుడు పళ్లెం పట్టుకున్న చేతులు నావే, అయినా నాకు ఆ పోగు మీద ఇసుమంత అనుమానం రాలేదు. పూజ చెయ్యని చోట ఏదని వెతికితే, కారులో మిగతాదంతా పూజ చెయ్యనిదే. బాపమ్మకు విషయం తెలిసిపోయింది. "ఒక్కదానికే కట్టినం కదా, మిగిలినయి అలిగినయి" అంది. ఇక నూలు చిలప విప్పింది. స్టీరింగుకు ఒక పోగు. తాళం తిప్పాను, టక్. అద్దానికి ఒకటి, టక్. నాలుగు తలుపుల పిడులకు, రెండు వైపర్లకు, వెనక నంబరు పలకకు. పోగు కట్టిన ప్రతిసారీ అందరూ చేతులు ఆనించేవాళ్లు, నేను తాళం తిప్పేవాణ్ణి, కారు టక్ మనేది, వాళ్లకు వినపడేది కాదు, నా మొహం చూసి తెలుసుకుని నిట్టూర్చేవాళ్లు. మధ్యలో సేఠ్ రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను ఉధ్నా దాటాను, మళ్లీ ఉధ్నాకే వచ్చాను, అక్కడ ఏదో ఊరేగింపు ఉందన్నాను.

ఇక లాభం లేదని గోడ పక్కకు వెళ్లి గ్యారేజీ ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. పండుగ పూటా గ్యారేజీలోనే ఉన్నాడు.

"లైట్ జల్తీ హై?" అన్నాడు, దీపాలు వెలుగుతున్నాయా అని.

"జల్తీ హై ఉస్తాద్."

"చాబీ ఘుమానే పర్ ధీమీ హోతీ హై?"

తాళం తిప్పితే వెలుగు తగ్గుతోందా అని. వెళ్లి తిప్పి చూశాను. తాళం తిప్పగానే ముందు దీపాలన్నీ సొమ్మసిల్లినట్టు అయిపోతున్నాయి. చెప్పాను.

"టెర్మినల్ దేఖా?" అంటే ఆ బ్యాటరీ మొన చూశావా అని.

"నహీఁ ఉస్తాద్. ఉధర్ పూజా కియా హై."

"కిధర్ పూజా కియా?"

"టెర్మినల్ పే."

"కైసే కియా?" అని మెల్లగా అడిగాడు. పట్టీ విప్పి, మొనకు పోగు చుట్టి, పసుపు రాసి, మళ్లీ బిగించామని హిందీలో వివరంగా చెప్పాను. ఫోన్లో ఉస్తాద్ "ఇధర్ ఆవో, సబ్ ఇధర్ ఆవో" అని ఎవరినో పిలవడం వినపడింది. తర్వాత, "బేటా, ఏక్ బార్ ఫిర్ సే బోల్" అన్నాడు. మళ్లీ చెప్పాను. గ్యారేజీ గ్యారేజీ పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక ఆయన చెప్పింది ఇదీ: దీపాలకు కావాల్సింది చిటికెడు కరెంటు, అది పోగు సందుల్లోంచి ఎలాగో వస్తుంది, ఇంజను తిప్పే మోటారుకు మాత్రం ఒక్కసారిగా బోలెడంత కావాలి, దానికి సీసం సీసానికి సరిగ్గా ఆనాలి. మధ్యలో నూలూ పసుపూ పెడితే అది పాపం తలుపు తట్టి ఆగిపోతుంది, ఆ తట్టుడే నువ్వు వింటున్న టక్. పోగు తీసెయ్, తుడువు, బిగించు. ఫోన్ పెట్టేటప్పుడు "హారతి భీ దియా క్యా?" అని కూడా అడిగాడు.

రోగం తెలిసింది కదా అని ఎగిరి గంతేసి వచ్చి చెప్పాను. చిన్నబాపు నాలుక కరుచుకున్నాడు. బాపమ్మ కరుచుకోలేదు. "కట్టిన పోగు ఇప్పద్దు. దాని అంతల అది ఊడాలె" అంది.

"ఎప్పుడు ఊడుతది బాపమ్మా?"

"దసర దాంక ఉంటది. నా చేతి ముడి."

ఆమెను బతిమాలుతుండగానే గల్లీ మొగలో సేఠ్ స్కూటరు కనపడింది. నా ఉధ్నా ఊరేగింపు మాట నమ్మక తనే వచ్చేశాడు, పండుగ పూట ఆటో దొరకలేదట. వెనక బా కూర్చుని ఉంది, ఒక చేత్తో కొడుకు భుజం, ఇంకో చేత్తో రాఖీ పళ్లెం. అందులో కుంకుమ చెదిరి సేఠ్ వీపు మీద పడింది. ఉధ్నాలో ఉండాల్సిన కారు బమ్రోలిలో, ఒళ్లంతా పసుపు దారాలతో, చుట్టూ అరచేతులు ఆనించిన పెద్దమనుషులతో సేఠ్‌కు దర్శనమిచ్చింది. నేను ఒక్క గుక్కలో జరిగింది చెప్పాను. వింటూ వింటూ సేఠ్ మొహం కుంకుమ రంగుకే వచ్చింది. "కాటో! కైంచీ లావో!" అని అరిచాడు. నేత ఇళ్లలో కత్తెరలకేం కొదవ, నాలుగు వచ్చాయి. నా ఉద్యోగం అక్కడికి అయిపోయిందని నిశ్చయంగా తెలిసిపోయింది.

సేఠ్ కత్తెర తీసుకుని బానెట్‌లోకి వంగేసరికి బా స్కూటరు దిగి కేక వేసింది. "అరే! ఆజే? రాఖీనా దివసే బాంధేలో దోరో కాపీశ్?" రాఖీ రోజున కట్టిన దారం కోస్తావా అని. సేఠ్ చెయ్యి ఆగిపోయింది. బాపమ్మకు ఒక్క ముక్క వినపడలేదు, వినపడినా గుజరాతీ రాదు. కానీ ఆ ముసలామె కత్తెర ఆపించిందని మాత్రం చూసింది. వెళ్లి ఆమె పక్కన నిలబడింది. ఇద్దరూ బానెట్ ముందు ఇలా నిలబడితే ఇక సేఠ్ ఎంత, ఖాతా ఎంత. ఘడియలు దాటిపోతున్నాయి, బా ఆకలితో ఉంది, పల్సానాలో అన్న ఆకలితో ఉన్నాడు, అందరికీ రోగం తెలుసు, మందు తెలుసు, ఎవరూ ముట్టుకోవడానికి లేదు.

నాకు ఉద్యోగం మీద ఆశతో పుట్టిన తెలివి అది. బాపమ్మ చెవిలో, "ఇప్పద్దు, కొయ్యద్దు. గాజు తీసినట్టు పైకి జారిస్తే? సాంచా మీద నూలు అయిపోయి కొత్త నూలు చుట్టిన దూలం ఎక్కించినప్పుడు నువ్వు పాత పోగు తీసి కొత్తదాని మీద ఎయ్యవా?" అని అరిచాను. బాపమ్మ చాలాసేపు ఆలోచించింది. సేఠ్ గడియారం చూసుకున్నాడు. చివరికి, "జరుపచ్చు. గని జరిపిన పోగు పొద్దుగూకేదాంక కట్టినోళ్ల కండ్ల ముందట ఉండాలె" అంది. అంటే ఆమె కారులో రావాలి. (ఇలాంటి నియమం మా ఇంటావంటా లేదు. కారు ఎక్కాలని ఆమెకు నెలరోజుల నుంచీ ఉందని అమ్మ తర్వాత చెప్పింది.) సేఠ్ రెండు చేతులూ జోడించాడు. చిన్నబాపు పట్టీ విప్పాడు, బాపమ్మ పోగును ఉంగరంలా పైకి జార్చి తాళంచెవికి తొడిగింది. మొన తుడవడానికి దగ్గరలో ఉన్న గుడ్డ సేఠ్ కొత్త తెల్ల రుమాలు ఒక్కటే. అది పచ్చగా అయిపోయింది. బిగించారు. కూర్చుని, కళ్లు మూసుకుని తాళం తిప్పాను. కారు ఘుర్రుమంది. ఆ చప్పుడు కంటే తియ్యటిది నేను మళ్లీ వినలేదు. పెద్దలంతా అరచేతుల్లో అదురు తగలగానే "అహా!" అని ఒక్కసారి అరిచారు. వెనక ధక్కా మామ ఒక్కడికే తెలియలేదు, మేం కదిలాక కూడా కొంత దూరం నెడుతూనే వచ్చాడు.

పల్సానా దాకా వెనక సీట్లో ఇద్దరు ముసలమ్మలు మాట్లాడుకుంటూనే ఉన్నారు. బా గుజరాతీలో, చిన్నప్పుడు అన్న తనను భుజాల మీద ఎక్కించుకుని చెరకు తోటలకు ఎలా తీసుకెళ్లేవాడో చెబుతోంది. బాపమ్మ తెలుగులో, మోకాళ్లకు ఆముదం కంటే ఆవనూనె మంచిదని గొంతెత్తి చెబుతోంది. బా కళ్లు తుడుచుకుంటే బాపమ్మ "నొప్పి గట్లనే ఉంటది" అని ఆమె మోకాలు ఒత్తింది. బాపమ్మ కొంగులోంచి లడ్డూ తీసి ఇచ్చింది. బా తల అడ్డంగా ఊపి పళ్లెంలో రాఖీ చూపించింది. బాపమ్మకు అర్థమైంది, లడ్డూ మళ్లీ కొంగులో కట్టేసి, "అయితే నేను గూడ తినను, మీ అన్న తిన్నంకనే" అంది. రెండు భాషలూ తెలిసి, చెవులున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి మధ్యలో సర్దిచెబుదామని నోరు తెరిచాను. ఇద్దరూ ఒకేసారి, ఎవరి భాషలో వాళ్లు, రోడ్డు చూసి నడపమన్నారు.

ఘడియ దాటకముందే చేరాం. ఊయల బల్ల మీద కూర్చుని గేటు వైపే చూస్తున్న ముసలాయన బా దిగగానే లేచి నిలబడ్డాడు. రాఖీ కట్టాక అన్నాచెల్లెళ్లు ఒకరి నోట్లో ఒకరు మిఠాయి పెట్టుకుంటుంటే నాకే కళ్లు చెమర్చాయి. బాపమ్మ ఊరుకుంటుందా, చిలపలో మిగిలిన పోగు ఆయన రెండో చేతికి కట్టేసింది. ఆయన ఇంట్లో వాళ్లు బాపమ్మకు చీర పెట్టారు. భోజనానికి ఇద్దరమ్మలనూ పక్కపక్కన కూర్చోబెట్టారు. నేను డ్రైవర్ని కాబట్టి వరండాలో తిన్నాను, వేడిగా పూరీలు ఎన్ని అడిగితే అన్ని వేశారు, వాటిని తింటూనే సాయంత్రం సేఠ్ ఏమంటాడో, నేనేమనాలో లెక్కలు వేసుకున్నాను.

పర్వత్ పాటియాలో తవ్విన రోడ్డుకు ఇవతలే కారు ఆపాను. పొద్దున స్కూటరు మీద తిరిగిపోయిన సేఠ్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పచ్చ రుమాలు ఇంకా చేతిలోనే ఉంది. "రేపటి నుంచి బండి నీ గల్లీకి పోదు. రోడ్డు తవ్వినా సరే, పక్క వీధిలో పెట్టిస్తా. ఇక నీ సంగతి..." అని గొంతు సవరించుకున్నాడు. నేను తల వంచుకుని తాళం ఇవ్వబోయాను. అప్పుడు లోపలికి వెళ్తున్న బా వెనక్కి తిరిగి, "తో మాజీ సవారే కేవీ రీతే ఆవ్‌శే?" అంది. మరి పెద్దామె పొద్దున ఎలా వస్తుంది, అని. సేఠ్‌కు అర్థం కాలేదు. రేపు తామిద్దరూ గుడికి వెళ్తున్నామని, ఎల్లుండి మోకాళ్ల వైద్యుడి దగ్గరికని, అన్నీ మాట్లాడుకున్నామని బా చెప్పింది. "మాట్లాడుకున్నారా? ఏ భాషలో?" అన్నాడు సేఠ్. "ఆమెకు అన్నీ అర్థమవుతాయి, నీకే ఏదీ అర్థం కాదు" అని బా లోపలికి వెళ్లిపోయింది. సేఠ్ నా వైపు, కారులో దర్జాగా కూర్చున్న బాపమ్మ వైపు, రుమాలు వైపు మార్చి మార్చి చూసి, "బండి నీ దగ్గరే ఉండనీ. పొద్దున టైముకు రా" అన్నాడు. నెల గురించి మళ్లీ ఎప్పుడూ మాట రాలేదు.

ఆ సాయంత్రం గల్లీలో నేను చేసిన హడావుడి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ కుర్రాడి మీద కొంచెం జాలి కూడా వేస్తుంది. తెల్ల చొక్కా కాలరు ఎగరేసి, చిన్నబాపుకూ ధక్కా మామకూ మిగతా పెద్దలందరికీ వినపడేలా, "సేఠ్ నన్ను పర్మినెంట్ చేసిండు! నా డ్రైవింగ్ నచ్చింది!" అని ఒక్కొక్కరి చెవి దగ్గరా వెళ్లి అరిచాను. అందరూ భుజం చరిచి మెచ్చుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ ఉద్యోగం చేశాను. జీతం నాకు వచ్చేది, బా పక్కన కూర్చుని డ్యూటీ బాపమ్మ చేసేది, ఆ సంగతి నా బుర్రకు ఎక్కడానికి పెళ్లై పిల్లలు పుట్టాల్సి వచ్చింది. ఆ రోజు మాత్రం నేను అలా అరుస్తూ తిరుగుతుంటే, బాపమ్మ గడప మీద కూర్చుని, రేపు గుడికి కట్టుకోవాల్సిన కొత్త చీర మడతలు విప్పి చూసుకుంటోంది. ఆమెను ఎవరూ మెచ్చుకోలేదు. నేను కూడా.